ఆకుపచ్చ పెన్సిలు: హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడిన ఒక వృద్ధురాలి సంరక్షణపై కేస్ స్టడీ

నేను జగిత్యాల జిల్లాకు చెందిన నర్సును. 2016 అక్టోబరులో వృద్ధుల సంరక్షణ పని మీద ఇజ్రాయెల్ వెళ్లి, 2022 జనవరిలో తిరిగి వచ్చాను. మా జిల్లా నుంచి, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి ఈ పనికి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇళ్లలో ఉండి ముసలివాళ్లను చూసుకునే మాలాంటి ఆడవాళ్లను హీబ్రూలో 'మెతపెలెత్' అంటారు. మందులు ఇవ్వడం, స్నానం చేయించడం, నడిపించడం మాకు నేర్పుతారు. మనం చేయి పట్టుకుని నడిపించే మనిషి పన్నెండేళ్ల వయసులో, నాజీలు యూదులను సామూహికంగా చంపిన ఆ హోలోకాస్ట్‌లో, ఏం చూసి వచ్చిందో మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. నా తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఈ కేసు రాస్తున్నాను.

ఆమె అనుమతి, ఆమె కొడుకు అనుమతి తీసుకున్నాను. పేరు రాయను. మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలు కొన్ని మార్చాను. ఇక్కడ ఆమెను 'బాబిచ్కా' అంటాను. చెక్ భాషలో అమ్మమ్మకూ నానమ్మకూ అదే మాట. మా పాప ఆమెను అలాగే పిలిచేది.

చేరినప్పుడు ఉన్న పరిస్థితి

2018 అక్టోబరు. ఆమెకు 86 ఏళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకుని, హైఫా నగరంలోని మూడో అంతస్తు ఫ్లాటుకు తిరిగి వచ్చారు. రక్తపోటు ఉంది, మధుమేహం లేదు. జ్ఞాపకశక్తి బాగానే ఉంది. రాత్రిళ్లు నాలుగైదు సార్లు లేచేవారు. 15 ప్రశ్నల వృద్ధాప్య కుంగుబాటు పట్టికలో 11 వచ్చింది. ఎంత ఎక్కువ వస్తే కుంగుబాటు అంత ఎక్కువ. పగలంతా కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు.

ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి. హీబ్రూలో 'మీరు' లేదు. ఎదుట ఎవరున్నా, ఆడమనిషైతే 'అత్' అనాల్సిందే. నా నాయనమ్మ కంటే పెద్దామెను 'నువ్వు' అనడానికి నాకు నోరు రాలేదు. అందుకని మాటమాటకూ ముందు 'గివెరెత్', అంటే 'అమ్మగారూ' అని చేర్చేదాన్ని. ఆమెకు మొదట అది చిరాకు తెప్పించింది. తర్వాత కారణం అడిగి తెలుసుకుని, మళ్లీ వద్దనలేదు.

మూడో రోజు పక్క దుప్పట్లు మారుస్తుంటే దిండు గలీబులో గట్టిపడిన రొట్టె ముక్కలు దొరికాయి. మంచం పక్క సొరుగులో, చేతిరుమాళ్లలో చుట్టిపెట్టినవి ఇంకో ఏడు. రెండింటికి బూజు పట్టింది. నేను చేసిన మొదటి తప్పు అది. ఇల్లు శుభ్రంగా ఉంచడం నా పని కదా అని అన్నీ చెత్తబుట్టలో వేశాను. ఆ రాత్రి ఆమె సొరుగు తీసి చూసుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత రెండు రోజులు నా చేతి తిండి ముట్టలేదు. కొడుకు వచ్చి పెడితే తిన్నారు.

ఆయన వంటింట్లో నిలబడి నెమ్మదిగా చెప్పారు: "అమ్మ రొట్టె దాచుకోకుండా నిద్రపోవడం నేను పుట్టాక ఒక్కరోజు కూడా చూడలేదు."

మర్నాడు బిగుతు మూత ఉన్న రేకు డబ్బా ఒకటి కొన్నాను. రోజూ రాత్రి అందులో తాజా రొట్టె రెండు ముక్కలు పెట్టి మంచం పక్కన ఉంచడం, పొద్దున ఇద్దరం కలిసి వాటిని తీసి టిఫిన్‌లో తినడం అలవాటు చేశాం. ఈ అలవాటు మాన్పించాలని నేను గానీ, వారానికొకసారి వచ్చే సోషల్ వర్కర్ గానీ ఆ తర్వాత ఎప్పుడూ ప్రయత్నించలేదు. మాన్పించాల్సిన అవసరం ఏముంది? రొట్టె ఉంటే ఆమెకు నిద్ర పడుతుంది.

ఎక్కడి నుంచి వచ్చారు

కొడుకు చెప్పినది, ఆమె తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పినది కలిపి రాస్తున్నాను.

1932లో ప్రాగ్ నగరంలో పుట్టారు. తండ్రికి బట్టల కొట్టు. తమ్ముడు ఆమె కంటే నాలుగేళ్లు చిన్న. 1939 మార్చిలో జర్మన్లు ప్రాగ్‌లోకి వచ్చారు. ఆ తర్వాత ఏడాదికి యూదుల పిల్లలను బడుల నుంచి తీసేశారు. 1942లో ఆ కుటుంబాన్ని టెరెజీన్‌కు పంపారు. జర్మన్లు దాన్ని థెరేసియెన్‌స్టాట్ అనేవారు. ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న పాత కోట పట్నం అది. నాజీలు 1941 నవంబరు నుంచి దాన్ని యూదుల నిర్బంధ స్థలంగా మార్చారు. మొత్తం సుమారు 1,40,000 మందిని అక్కడికి తోలారు. దాదాపు 33,000 మంది ఆకలితో, జబ్బులతో అక్కడే చనిపోయారు. సుమారు 88,000 మందిని అక్కడి నుంచి ఆష్‌విట్జ్ మృత్యుశిబిరానికీ, తూర్పున ఉన్న ఇతర మృత్యుస్థలాలకూ రైళ్లలో పంపేశారు.

బయలుదేరేటప్పుడు మనిషికి 50 కిలోల సామాను. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరును దారంతో మెడలో వేలాడదీసేవారు, పెట్టెల మీద రంగుతో రాసేవారు. ఈ నంబరు సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

టెరెజీన్‌లో పాత శవాల బండ్ల మీదే సామాన్లు, మనుషులు, రొట్టెలు అన్నీ చేరవేసేవారు. బాబిచ్కా రొట్టె చేతిలోకి తీసుకున్నప్పుడల్లా పైపొరను అరచేత్తో రెండుసార్లు తుడవడం నేను ఏడాదిపాటు చూశాను. ఆ బండ్ల సంగతి తెలిశాకగానీ ఎందుకో అర్థం కాలేదు.

1944 సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 28 వరకు, నెల రోజుల్లో 11 రైళ్లు ఆష్‌విట్జ్‌కు వెళ్లాయి. 18,000 మందికి పైగా వాటిలో ఉన్నారు. మొదట తండ్రి, కొద్ది రోజులకు తల్లి, తమ్ముడు వెళ్లిపోయారు. ఆమె అప్పుడు జ్వరంతో పిల్లల వార్డులో ఉన్నారు. జాబితాలో ఆమె పేరు లేదు. ఎందుకు లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1945 మే 8న సోవియట్ సైన్యం వచ్చేదాకా ఆమె టెరెజీన్‌లోనే ఉన్నారు. 1949లో ఇజ్రాయెల్ వచ్చి, కర్టెన్లు కుట్టే కార్ఖానాలో ముప్పై ఏళ్లు పనిచేశారు.

నంబరు

2018 డిసెంబరులో మూత్రనాళ ఇన్ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేర్చాం. అత్యవసర విభాగంలో నర్సు ఆమె మణికట్టుకు నంబరున్న పట్టీ కట్టింది. మంచం మీద సత్తువ లేకుండా పడి ఉన్న మనిషి దాన్ని పళ్లతో కొరికి తెంపేశారు. రెండోసారి కట్టారు, మళ్లీ తెంపారు. 'రోగి సహకరించడం లేదు' అని రాసి, మత్తుమందు సంగతి ఎత్తారు.

నేను ఆ నర్సును తప్పుపట్టను. కొడుకు చెప్పి ఉండకపోతే నేనూ అదే రాసేదాన్ని. ఒక తెల్ల టేపు ముక్క అడిగి, పట్టీలోని నంబరు కనబడకుండా అతికించి, దాని మీద ఆమె పేరు పెద్ద అక్షరాలతో రాశాను. ఆమె చదువుకున్నారు. చేయి చాచారు, కట్టించుకున్నారు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. పెద్దవాళ్లు అకారణంగా మొండికేస్తున్నారు అనిపించినప్పుడు, వాళ్ల ఎదురుగా ఏ వస్తువుందో చూడండి. పట్టీ, సూట్‌కేసు, జాబితా చదివే గొంతు, వరసలో నిలబడమనే మాట. మనకు అవి వస్తువులూ మాటలూ మాత్రమే.

"నా తమ్ముడికి ఏ పనీ లేదా?"

బాధ తగ్గించడం ఒక పని. డబ్బాతో, టేపుతో అది కొంతవరకు అయింది. లేచి కూర్చోవాలన్న కోరిక కలిగించడం వేరే పని. అందులో మొదటి ఏడాదిన్నర నేను ఏమీ సాధించలేదు.

మా సోషల్ వర్కర్ నాకు విక్టర్ ఫ్రాంక్‌ల్ గురించి చెప్పింది. వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు. ఆయనను కూడా 1942 సెప్టెంబరులో టెరెజీన్‌కే తెచ్చారు. అక్కడ కొత్తగా దిగి నిశ్చేష్టులైన ఖైదీలను ఆదుకోవడానికి, ఆత్మహత్యలు ఆపడానికి ఆయన ఒక బృందాన్ని నడిపారు. రబ్బీగా, అంటే యూదు మతగురువుగా, దీక్ష పొందిన మొదటి మహిళ రెజీనా యోనాస్ ఆ బృందంలో ఉండి, రైలు దిగేవాళ్లకు ఎదురు వెళ్లి మాట్లాడేవారు. ఆమెను 1944 అక్టోబరులో ఆష్‌విట్జ్‌కు పంపి చంపేశారు. ఫ్రాంక్‌ల్ బతికారు. మనిషికి బతుకులో అర్థం మూడు దారుల్లో దొరుకుతుందని ఆయన చెప్పారు: ఒక పని చేయడంలో, ఒకరిని ప్రేమించడంలో, తప్పించుకోలేని బాధను ఎలా ఎదుర్కొంటామన్నదాంట్లో.

ఇది విన్నాక నాకు ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహంతోనే రెండో తప్పు చేశాను. ఒక శుక్రవారం కొవ్వొత్తులు వెలిగించాక, "గివెరెత్, మిమ్మల్ని దేవుడు ఏదో పని కోసమే ఉంచాడేమో" అన్నాను. మన ఊళ్లో మనుషుల్ని ఓదార్చేటప్పుడు అనే మాటే అది. మంచి మనసుతోనే అన్నాను.

ఆమె నా వైపు తిరిగారు. "అయితే నా తమ్ముడికి ఏ పనీ లేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. బతికినవాళ్లు బలమైనవాళ్లనీ, ఆశ వదలనివాళ్లనీ చెప్పే ప్రతి కథా చనిపోయినవాళ్లను తక్కువ చేస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆశ వదులుకోవడం వల్ల చనిపోలేదు, అతన్ని చంపారు. ఆమె ఎందుకు బతికారన్నదానికి అర్థం వెతకకూడదని ఆ రోజు నాకు తెలిసింది. బతికాక ఏం చేస్తారన్నది వేరు. అందులో వెతకవచ్చు.

మూడో ప్రయత్నం బొమ్మలు. ఆమె టెరెజీన్‌లో బొమ్మలు వేసేవారని కొడుక్కి తెలుసు. వృద్ధుల డే సెంటర్ వాళ్లు కూడా సరేనన్నారు. 24 రంగు పెన్సిళ్ల పెట్టె కొని టేబుల్ మీద పెట్టాను. ఆమె పెట్టె తెరిచారు, మూసి బోర్లా పెట్టి తన గదిలోకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం భోజనానికి రాలేదు. పెట్టెను అల్మారా పైఅరలో దాచేశాను.

2020

మార్చిలో కరోనా వచ్చింది. డే సెంటర్ మూసేశారు, సోషల్ వర్కర్ ఫోనుకే పరిమితమైంది, కొడుకు కింద వీధిలో నిలబడి చేయి ఊపి వెళ్లేవాడు. యూదుల పెసాఖ్ పండుగ ముందు దుకాణాల్లో కోడిగుడ్లు దొరకలేదు. ఆ ఖాళీ అరల సంగతి ఆమెతో చెప్పకూడదని అనుకున్నాను, కానీ టీవీలో చూసేశారు. రెండు రొట్టె ముక్కలు నాలుగయ్యాయి. ఏప్రిల్ 21న, షోఆ (హోలోకాస్ట్‌కు హీబ్రూ మాట) సంస్మరణ దినాన, పొద్దున పది గంటలకు సైరన్ మోగినప్పుడు ఆ రెండు నిమిషాలూ బాల్కనీలో నా చేయి పట్టుకుని నిలబడ్డారు. కింద రోడ్డు అప్పటికే ఖాళీ. ఏటా ఆ సైరన్‌కు కార్లు ఆపి నిలబడతారు, ఆ రోజు ఆపడానికి కార్లు కూడా లేవు.

జగిత్యాలలో మా పిల్లల బడి కూడా మూతపడింది. పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు. సాయంత్రాలు వీడియో కాల్‌లో నాతోనే ఉండేవారు. మే నెలలో ఒక రోజు పాప తన డ్రాయింగ్ పుస్తకం చూపించింది. మనందరం వేసిన బొమ్మే: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన ఏరు.

సోఫాలో ఉన్న బాబిచ్కా అడిగారు: "వాళ్ల ఇంటి కిటికీలోంచి కొండలు కనిపిస్తాయా?"

నేను తెలుగులో అడిగాను. కనిపించవంది పాప.

"మరేం కనిపిస్తుంది?"

"వేప చెట్టు, పక్కింటి నీళ్ల ట్యాంకు."

"అయితే అవి వెయ్యమను. కింద తన పేరు రాయమను."

పాప అరగంటలో ట్యాంకు వేసి చూపించింది. గొట్టం వంకరగా వచ్చింది. బాబిచ్కా కళ్లద్దాలు తెమ్మని అడిగి, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. గొట్టం ట్యాంకులోకి ఎక్కడ కలుస్తుందో మళ్లీ చూసి వెయ్యాలన్నారు. "గురువారం చూపించమను" అన్నారు.

ఏడాదిన్నరలో ఆమె నోటి నుంచి రాబోయే రోజు పేరు రావడం అదే మొదటిసారి. నోట్సులో ఆ వాక్యం కింద గీత గీసి పెట్టుకున్నాను.

అప్పటి నుంచి ప్రతి గురువారం సాయంత్రం పాఠం. మొదట నేను అనువదించేదాన్ని. జూలై నాటికి నా అవసరం చాలావరకు తీరిపోయింది. ఆమె వేలితో గాలిలో గీసేవారు, పాప చూసి గీసేది. పాపకు 'దోబ్రే' అంటే బాగుంది అని తెలిసింది. ఆమెకు 'మళ్లీ' అనే తెలుగు మాట వచ్చేసింది.

ఆ పాఠాలు ఆమె సొంతం కావని, టెరెజీన్‌లో తన టీచర్ నేర్పినవేనని తర్వాత తెలిసింది. టెరెజీన్‌లో ఎల్ 410 అనే భవనం బాలికల వసతిగృహం. అక్కడ ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పేవారు. వియన్నాలో పుట్టి, జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చదువుకున్నావిడ. 1942 డిసెంబరులో ఆమెను టెరెజీన్‌కు తెచ్చారు. కాగితం దొరక్క ఆఫీసు ఫారాల వెనకవైపు వేయించేవారు. చూసి వెయ్యమనేవారు. పిల్లలను నంబర్లుగా చూసిన ఆ చోట, ప్రతి బొమ్మ మీద పిల్లల చేత సొంత పేరు రాయించారు. 1944 అక్టోబరు 6న ఆమెను ఆష్‌విట్జ్ రైలు ఎక్కించారు, మూడు రోజులకు చంపేశారు. వెళ్లేముందు బొమ్మలన్నీ దాచి వెళ్లారు. యుద్ధం ముగిశాక రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 బొమ్మలు ప్రాగ్ చేరాయి. అక్కడి యూదు మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిమీద పేర్లున్న పిల్లల్లో ఎక్కువమంది బతకలేదు.

ఆకుపచ్చ పెన్సిలు

ఆగస్టులో ఒక గురువారం. పాప వేప ఆకులకు రంగు వేస్తోంది. తమ్ముడు వచ్చి ఆకుపచ్చ పెన్సిలు అడిగాడు. ఇవ్వనంది. వాడు లాగబోయాడు. అది పెన్సిలును పిడికిట్లో బిగించి వీపు వెనక పెట్టుకుంది. ఏ ఇంట్లోనైనా రోజుకు పదిసార్లు జరిగేదే. నేను వంటింట్లోంచి కేకేయబోయాను.

అంతలో బాబిచ్కా అరిచారు. "డేయ్ ము తో!"

హీబ్రూ కాదు, చెక్. నాకు అర్థం కాలేదు. పాపకు అంతకంటే అర్థం కాలేదు. కానీ ఆ గొంతుకు భయపడి పెన్సిలు తమ్ముడి చేతిలో పెట్టేసింది. కాల్ ఆపేశాను. ఆమె చేతులు వణుకుతున్నాయి. నీళ్లిచ్చి పక్కన కూర్చున్నాను. ఇరవై నిమిషాలు ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. తర్వాత హీబ్రూలో చెప్పారు.

"అది వాడికిచ్చెయ్ అన్నాను."

ఆ చివరి శరత్కాలంలో ఆమె దగ్గర వేలి కణుపంత ఆకుపచ్చ పెన్సిలు ముక్క ఒకటి ఉండేది. తమ్ముడు అడిగాడు. మర్నాడు టీచర్ పాఠం ఉందని, అది అయ్యాక ఇస్తానని చెప్పారు. మర్నాటికి ఆమెకు జ్వరం వచ్చింది, వార్డులో చేర్చారు. బయటికి వచ్చేసరికి తల్లీ లేదు, తమ్ముడూ లేడు, టీచరూ లేదు. పెన్సిలు గౌను జేబులోనే ఉంది.

డెబ్భై ఆరేళ్లు. భర్తకు చెప్పలేదు, కొడుక్కి చెప్పలేదు.

'మీరు చిన్నపిల్ల కదా, మీ తప్పేముంది' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అది ఆమెకు తెలియదా? తెలిసీ మోస్తున్నారు. నేను చేసింది ఒక్కటే. ఆమె తమ్ముడి పేరు అడిగాను. చెప్పారు. తిరిగి పలికాను. ఉచ్చారణ తప్పింది. దిద్దారు. మళ్లీ పలికాను.

వచ్చే గురువారం పాఠం ఉంటుందో ఉండదో అనుకున్నాను. బుధవారం రాత్రే ఆమె అన్నారు: "ఆ చిన్నవాడిని కూడా కూర్చోబెట్టు." అల్మారా పైఅరలోని పెట్టె దింపమన్నారు.

సాక్ష్యపత్రం

యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ 1953లో చట్టం ద్వారా ఏర్పడింది. చనిపోయిన ఒక్కొక్కరి కోసం ఒక్కో సాక్ష్యపత్రం అక్కడ భద్రపరుస్తారు. ఒక పేజీ ఫారం: పేరు, తల్లిదండ్రులు, పుట్టిన ఊరు, వృత్తి, ఎక్కడ ఎలా చనిపోయారు, ఈ వివరాలిచ్చినవారు ఎవరు. తల్లికీ తండ్రికీ ఆమె ఎప్పుడో నింపి పంపారు. తమ్ముడి ఫారం మాత్రం కొడుకు ఎన్నిసార్లు తెచ్చి ఇచ్చినా సొరుగులోకి వెళ్లిపోయేది.

2021 జనవరిలో తనే అడిగి తీసుకున్నారు. ఒక్కో గడీ నింపుతూ 'వృత్తి' దగ్గర ఆగిపోయారు. మూడు రోజులు ఫారం టేబుల్ మీదే ఉంది. కొడుకు ఫోనులో, పిల్లవాడు కదా, ఖాళీగా వదిలేయమన్నాడు. నాలుగో రోజు పొద్దున రొట్టె తింటూ నన్ను అడిగారు: "మీ చిన్నవాడు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే ఏమంటావు?"

"చదువుకుంటున్నాడంటాను."

ఆమె 'విద్యార్థి' అని రాశారు. ఆ పిల్లవాడికి బడికి వెళ్లే వయసు వచ్చేసరికి యూదుల పిల్లలకు బడి లేదు. టెరెజీన్‌లో చదువు చెప్పడం నిషేధం, అక్కడ నేర్చుకున్నదంతా చాటుమాటుగా నేర్చుకున్నదే. అందుకే ఆ మాట రాసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కి రాశారు. కింద సంతకం చేసి, కవరు తనే అంటించారు.

మారినవి, మారనివి

2021 చివరలో అదే కుంగుబాటు పట్టికలో 7 వచ్చింది. రాత్రి లేవడం సగటున రెండుసార్లకు తగ్గింది. కుర్చీ కిటికీ వైపు తిరిగింది. ఎదురు మేడను ఆమె రోజూ గీసేవారు. పీడకలలు పోలేదు. రొట్టె డబ్బా పోలేదు. సూట్‌కేసు చూస్తే ఒళ్లు బిగుసుకోవడం పోలేదు, నా ప్రయాణానికి పెట్టె పక్కింట్లో సర్దుకున్నాను. అక్టోబరు నెల ప్రతి ఏడూ కష్టంగానే గడిచింది. ఈ కేసును 'నయమైంది' అని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

బొమ్మలే ఈ మార్పు తెచ్చాయా అని సోషల్ వర్కర్ అడిగింది. కాదనుకుంటాను. అవే పెన్సిళ్లను అంతకుముందు ఏడాది ఆమె బోర్లా పెట్టారు. అప్పుడు అవి ఆమె చికిత్స కోసం పెట్టినవి. తర్వాత అవి ఒక పిల్లకు గొట్టం సరిగా వేయడం రావడానికి అవసరమైనవి. మనం ముసలివాళ్లకు అన్నీ అమర్చిపెడతాం. వాళ్ల నుంచి ఏదైనా అడిగి తీసుకోవాలని మనకు తోచదు. నాకూ తోచలేదు, పాప అడిగింది కాబట్టి జరిగింది. బతికి బయటపడినవాళ్ల కోసం 1987 నుంచి పనిచేస్తున్న అమ్‌చా వంటి సంస్థలు అక్కడ ఉన్నాయి. కొత్తగా వెళ్లే మనవాళ్లు మొదటి నెలలోనే వాళ్లను సంప్రదించడం మంచిది. నేను చాలా ఆలస్యం చేశాను.

సంరక్షకుల వీసాకు మామూలుగా గడువు 63 నెలలు. నాది 2022 జనవరిలో ముగిసింది. నా తర్వాత వచ్చిన శ్రీలంక అమ్మాయికి ఇచ్చిన కాగితంలో మందుల పట్టిక తర్వాత ఇవి రాశాను:

రాత్రి డబ్బాలో రొట్టె రెండు ముక్కలు, తాజావి. పొద్దున నువ్వు ఒక్కదానివే తీయకు, ఇద్దరూ కలిసి తీయండి. ఆసుపత్రిలో పట్టీ కడితే నంబరు మీద టేపు వేసి పేరు రాయి, టేపు నీ సంచిలో ఎప్పుడూ ఉండాలి. పెన్సిళ్లు చెక్కుకునేది ఆమే, చిన్న కత్తితో, భయపడకు. ఆకుపచ్చది పొట్టిదైపోయింది, పారేయవద్దు. గురువారం నాలుగు గంటలకు ఫోను ఆన్ చేసి పూలకుండీకి ఆనించి పెట్టు. జగిత్యాల నుంచి ఇద్దరు పిల్లలు వస్తారు. అప్పుడు నువ్వు గదిలో ఉండనక్కర్లేదు.